సేటు, బాబిన్, ఇంట్లో ఒక్కొక్కరితో ఒక్కో లెక్క

మా ముందర గదిలో కుట్టు మిషన్, పీకో మిషన్, కటింగ్ బల్ల, గోడకు వేలాడే బ్లౌజులు, ఇదే మా ఆస్తి. నల్గొండ గడియారం సెంటర్ నుంచి నడిచి రాగలిగే దూరం కాబట్టి బజారుకొచ్చిన ఆడవాళ్లు చీర కొని, అటు నుంచి అటే వచ్చి ఫాల్స్ కుట్టమని ఇచ్చి పోతుంటారు. వచ్చినవాళ్లు నాకంటే ముందు బల్ల మీదున్న సేటును పలకరిస్తారు. సేటు మా నారింజ రంగు మగపిల్లి. ముందు కాళ్లు లోపలికి మడుచుకుని, కళ్లు సగం మూసి, బంగారం కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చున్న ఓనర్ లెక్క కూర్చుంటాడు, అందుకే ఆ పేరు. రెండోది బాబిన్. నలుపు, తెలుపు, నారింజ మూడు రంగులూ ఉన్న ఆడపిల్లి. చిన్నప్పుడు మిషన్ కింద పడ్డ బాబిన్‌ను దొర్లించుకుంటూ దారమంతా కుర్చీ కాళ్లకు చుట్టేసింది, ఇంక వేరే పేరు ఆలోచించే పని లేకపోయింది.

రెండింటినీ మేం తెచ్చుకోలేదు. బాబిన్ తల్లి పక్కింటి మిద్దె మీద నీళ్ల ట్యాంకు కింద పిల్లల్ని పెట్టింది, అక్కడెవరో కదిలించేసరికి ఒక్కొక్కదాన్నీ నోట కరుచుకుని మా సజ్జ మీదికి మార్చింది, అక్కడి నుంచి మళ్లీ ఇంకెక్కడికో. పిల్లి పిల్లల్ని ఏడిండ్లు తిప్పుతదని మా అత్తమ్మ అంటూనే ఉంది. తిప్పుడులో ఒకటి మా పీలికల మూటలో మిగిలిపోయింది. సేటు కథ అంత కూడా లేదు. ఒక మే నెలలో కూలర్ గాలికి లోపలికొచ్చాడు, వానాకాలం వచ్చినా పోలేదు.

కుక్కకు విశ్వాసం, పిల్లికి స్వార్థం అని అందరూ తేలిగ్గా అనేస్తారు. నేను ఒప్పుకోను. పిల్లి ఇంట్లో అందరినీ ఒక్క గాటన కట్టదు, అంతే. నాతో ఒక లెక్క, మా ఆయనతో ఒకటి, అత్తమ్మతో ఇంకోటి, మా పాపతో మరోటి. ఒకరి ఖాతాలోది ఇంకొకరికి రాయదు. పెద్దయిన పిల్లులు ఒకదానితో ఒకటి మ్యావ్ అనుకోవడం చాలా తక్కువట, ఆ అరుపు ఎక్కువగా మనుషుల కోసమే. మా ఇంట్లోనైతే మనిషి మనిషికీ ఆ అరుపు మారుతుంది. వంటింట్లోంచి వినగానే బాబిన్ ఎవరితో మాట్లాడుతుందో చెప్పేస్తాను.

నా లెక్క తెల్లవారకముందే మొదలు. పొద్దు పొడిచే ముందు, పొద్దు గూకిన తర్వాత పిల్లులకు హుషారు ఎక్కువ, వేట దొరికే వేళలు అవి. ఇక్కడ వేట అంటే నేనే. సేటు అరవడు, గీరడు. మంచం మీదికొచ్చి నా చెవి పక్కన కూర్చుని గురగురమంటాడు. సాయంత్రం ఒళ్లో పడుకున్నప్పటి గురగుర వేరు, ఇది వేరు, దీని లోపల సన్నగా ఒక ఏడుపు కలిసి ఉంటుంది. నాకే అట్లా వినిపిస్తుందేమో అనుకునేదాన్ని. 2009లో ఇంగ్లండ్‌లో కేరెన్ మెక్‌కాంబ్ బృందం సరిగ్గా దీన్నే రికార్డు చేసి జనాలకు వినిపించింది. తిండి అడిగేటప్పటి గురగురలో పసిపిల్ల ఏడుపుకు దగ్గరి శ్రుతిలో ఒక కేక దాగి ఉంటుందని, పిల్లుల్ని ఎప్పుడూ పెంచని వాళ్లకు కూడా అది అర్జెంటుగా, చికాకుగా వినిపిస్తుందని తేలింది. పిల్లని పెంచిన తల్లి ఆ శ్రుతి విని ముసుగు తన్ని పడుకోలేదని సేటుకు ఏ రీసెర్చీ లేకుండానే తెలిసింది. పక్కనే ఉన్న మా ఆయన చెవి దగ్గరికి ఒక్కనాడూ పోడు. ఆయన లేవడని కూడా వాడికి తెలుసు.

పొద్దంతా నా పని వీళ్లిద్దరి పర్యవేక్షణలోనే జరుగుతుంది. బల్ల మీద నాలుగు బట్టలుంటే నేను సుద్దతో గీతలు గీస్తున్న బట్ట మీదే సేటు పడుకోవాలి. తీసి పక్కన పెడితే మళ్లీ అక్కడికే. దవడల దగ్గర, నుదుటి మీద, పాదాల కింద వాటికి వాసన వదిలే గ్రంథులుంటాయి, నా చేయి ఎక్కడ తగిలితే అక్కడ వాడి ముద్ర కూడా పడాలి. మా కటింగ్ బల్ల కాలుకు జానెడు ఎత్తులో నల్లగా, జిడ్డుగా ఒక మచ్చ ఏర్పడింది. ఎన్నిసార్లు సర్ఫు పెట్టి తుడిచినా కొన్నాళ్లకు మళ్లీ తేలుతుంది. అది రెండు పిల్లులూ పోతూ వస్తూ దవడ రాసిన చోటు. బాబిన్ పద్ధతి వేరే. బల్ల ఎక్కదు, మిషన్ పక్కన స్టూలు మీద కూర్చుని శబ్దం వింటుంది. కింద బాబిన్‌లో దారం అయిపోవచ్చేసరికి మిషన్ చప్పుడు కొంచెం మారుతుంది, ఆ మార్పుకు దాని చెవులు గిర్రున అటు తిరుగుతాయి. నేను కుట్టు తప్పడం చూసి తెలుసుకునేలోపు దానికి తెలిసిపోతుంది. ఇప్పుడు నేను మిషన్ కంటే దాని చెవుల్నే చూస్తున్నాను.

దారం గురించి మాత్రం నవ్వులాట లేదు. పిల్లి దారపు ఉండతో ఆడుకునే బొమ్మ క్యాలెండర్ల మీద ముద్దుగా ఉంటుంది గానీ కుట్టుపని చేసే ఇంట్లో అంతకంటే పెద్ద గండం లేదు. పిల్లి నాలుక మీద ముళ్లలాంటివి ఉంటాయి కదా, అవన్నీ గొంతు వైపుకే వంగి ఉంటాయి. దారం ఒక్కసారి నాలుకకు చిక్కితే ఉమ్మడం దానికి కష్టం, మింగుతూనే పోతుంది. లోపల ఒక కొన ఎక్కడో పట్టుకుంటే పేగులు దారం మీదికి కుచ్చులు కుచ్చులుగా ముడుచుకుపోయి కోసుకుపోతాయి. సూది ఉన్న దారమైతే చెప్పనే అక్కర్లేదు. అందుకే మా ఇంట్లో తెగిన దారం ముక్క ఎంత చిన్నదైనా మూత ఉన్న రేకు డబ్బాలోకే పోతుంది, పని నేర్చుకోవడానికి వచ్చే అమ్మాయిలకు కాజా కుట్టడం కంటే ముందు నేర్పేది ఇదే. మీ పిల్లి నోట్లోంచి గానీ వెనక నుంచి గానీ దారం వేలాడుతుంటే గుంజకండి, లోపల కోసుకుపోతుంది. ఎంత ఉంటే అంత ఉండనిచ్చి డాక్టర్ దగ్గరికి పట్టుకుపొండి.

మా ఆయన మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాడు, రోజూ వచ్చి పోతాడు. మిల్లులో పిల్లికి ఆయన దృష్టిలో ఒక ఉద్యోగం ఉంది. ధాన్యం ఉన్న చోట ఎలుకలు, ఎలుకలున్న చోట పిల్లులు. అసలు పిల్లి మనిషి దగ్గరికి చేరిందే గింజల కోసం వచ్చిన ఎలుకల వెంటపడి అని చెబుతారు, ఆ లెక్కన మిర్యాలగూడ పిల్లులు కులవృత్తి వదల్లేదు. ఇంట్లో ఉన్నవాటి మీద మాత్రం ఆయనకు మంటే.

"డ్యూటీ చేయని పిల్లికి సోఫా ఎందుకు? మిల్లుల ఉన్నయి చూడు, రాత్రంతా కష్టపడ్తయి" అంటాడు.

అంటూనే ఉంటాడు, సేటు పోయి ఆయన పక్కనే చేరతాడు. ఇంటికొచ్చిన చుట్టాలందరికీ ఇదే వింత, పిల్లంటే పడని మనిషి ఒళ్లోకే ఎందుకు ఎక్కుతుందని. ఇందులో వింతేం లేదు. ఇష్టపడేవాళ్లు గుడ్లప్పగించి చూస్తారు, చేతులు చాస్తారు, ఎత్తుకుంటారు, ఇవన్నీ పిల్లికి భయం పుట్టించే పనులు. మా ఆయన వాటి వైపు చూడనే చూడడు, టీవీ ముందు కునికిపాట్లు పడుతూ కళ్లు నెమ్మదిగా మూస్తూ తెరుస్తూ ఉంటాడు. 2020లో ససెక్స్ యూనివర్సిటీ వాళ్లు అచ్చంగా దీన్నే పరీక్షించారు. మనిషి మెల్లగా కన్ను మూసి తెరిస్తే పిల్లి కూడా అట్లాగే బదులిస్తుందని, అట్లా చేసిన కొత్తవాళ్ల దగ్గరికి కూడా ఎక్కువగా వస్తుందని చూపించారు. ఆయనది మిల్లు అలసట, సేటు మాత్రం దాన్ని స్నేహం అనుకున్నాడు.

ఇంకో కారణం ఆయన ప్యాంటు. మిల్లు నుంచి వచ్చి విడిచిన ప్యాంటు దండెం మీద వేస్తే తవుడు, దుమ్ము, బస్తాల వాసన, వాటితో పాటు ఆ బస్తాలకు రాసుకున్న అక్కడి పిల్లుల వాసన కూడా ఉంటుంది. సేటు వెళ్లి ప్యాంటు అంచు దగ్గర ముక్కు పెడతాడు. తర్వాత తల కొంచెం పైకెత్తి, పై పెదవి ముడిచి, నోరు సగం తెరిచి, ఎవరో ఘోరమైన మాట అన్నట్టు అట్లాగే ఉండిపోతాడు. మొదట్లో అత్తమ్మ, నీ మొగుని కంపుకు పిల్లికి వాంతి వచ్చేటట్టు ఉందని నవ్వింది. అది వాంతి కాదు, వాసనను చదవడం. ముందరి పళ్ల వెనక, నోటి పైకప్పులో పిల్లులకు వాసన పట్టే ఇంకో అవయవం ఉంటుంది, నోరు తెరిచి గాలిని దాని మీదికి లాగుతాయి. సేటు రోజూ సాయంత్రం మిర్యాలగూడ వార్తలు ఆ ప్యాంటు మీద చదువుతాడు. మంగళవారం సెలవు కదా, ఆ రోజు దండెం దాకా పోయి వెనక్కి వస్తాడు.

అత్తమ్మ పిల్లుల్ని ముట్టుకోదు. ముట్టుకోనని చెప్పుకుంటుంది. వాటిని పేరుతో కూడా పిలవదు, రెండింటినీ "ఓ పిల్లీ" అనే అంటుంది. ఆమెతో ముందు వచ్చిన గొడవ శకునం. చీరలు తెచ్చే గిరాకీకి, బడికిపోయే పిల్లకు, మిల్లుకు పోయే కొడుకుకు రోజూ పిల్లి అడ్డం రావాల్సిందే, మా గది వెడల్పే అంత. ప్రతిసారీ అందరినీ ఆపి, మంచినీళ్లు తాగించి పంపితే ఎవరి పనీ అయ్యేటట్టు లేదు. చివరికి ఆమే ఒక సవరణ తెచ్చింది.

"ఇంట్ల తిని ఇంట్ల తిరిగేదానికి శకునం లేదు. బయటి పిల్లి వస్తేనే ఆగాలె."

అయినా పాప ఇంటర్ పరీక్షలప్పుడు పొద్దున్నే రెండింటినీ వెనక గదిలో వేసి గొళ్లెం పెట్టింది. నమ్మకం ఒకటి, జాగ్రత్త ఒకటి.

పాల విషయంలో మాత్రం నేను ఆమెను మార్చలేకపోయాను. పిల్లి అంటే పాలు, పాలంటే ఉట్టి, ఆమె చిన్నప్పటి ఇల్లంతా అదే లెక్క మీద నడిచింది. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలలోని చక్కెర అరగదత్తమ్మా, విరేచనాలు పట్టుకుంటాయి అంటే, "మరి దొంగతనంగ ఎందుకు తాగుతది?" అంటుంది. కొవ్వు రుచికి తాగుతుంది. తీపి అసలు దానికి తెలియనే తెలియదు. తీపిని పట్టే గ్రాహకం తయారవడానికి కావలసిన ఒక జన్యువు పిల్లి జాతిలో పాడైపోయి ఉందని 2005లో తేలింది, పులిది కూడా అదే కథ. అంటే మా బాబిన్ పరమాన్నం గిన్నె మీద పడేది నెయ్యి కోసం, బెల్లం సంగతి దానికి పట్టదు. ఇది విన్న రోజు అత్తమ్మ నిజంగా బాధపడింది. "పాపం, బెల్లం రుచి కూడ ఎరుగదా" అని కాసేపు దాన్నే చూసి, పెరుగన్నంలో ఇంకో చెంచా పెరుగు వేసింది. పెరుగులో పాల చక్కెర కొంత తగ్గుతుంది కాబట్టి నేనూ ఊరుకున్నాను. ఆదివారం చికెన్ సెంటర్ నుంచి వచ్చే లివర్ ముక్కలు మాత్రం నా చేతి మీదే, అదీ ఉల్లి, వెల్లుల్లి తగలకుండా విడిగా ఉడికించి. ఆ రెండూ పిల్లి రక్తానికి విషం.

బతుకమ్మ నాడు మాత్రం ఆమెను చూడాలి. గునుగు, తంగేడు, బంతి కుప్పలు పోసుకుని తాంబాలం ముందు కూర్చుంటుంది, గునుగు పువ్వు కొసన కుచ్చులా ఉంటుంది కదా, బాబిన్ వచ్చి ఒక్కో పువ్వు మెల్లగా గుంజుకుపోతుంది. ముట్టుకోనన్న ఈ పెద్దమనిషి దాని నోట్లోంచి పువ్వు తీసి, రంగు అద్దనిది ఒకటి ఏరి దానికిచ్చి, రంగు వేసినవి తాంబాలం వెనక దాస్తుంది.

మా పాపది పరీక్షకు పెట్టే లెక్క. పిల్లులకు తమ పేర్లు తెలుసని జపాన్‌లో అత్సుకో సైతో అనే ఆవిడ 2019లో నిరూపించిందని ఎక్కడో చదివి వెంటనే మొదలుపెట్టింది. అక్కడ చేసినట్టే ముందు అంతే పొడవున్న వేరే మాటలు వరుసగా, ఒకే గొంతుతో: గోడ, చీర, వాన, గాజు. తర్వాత సేటు. మాటలకు వాడు కదలలేదు, పేరు వినగానే ఒక్క చెవి మాత్రం వెనక్కి తిరిగింది. ఒక్కటే చెవి. తల తిప్పలేదు, లేవలేదు, రాలేదు.

"వాడికి తెలుసు మమ్మీ, రాడంతే" అంది. ఇంటర్ పిల్లను పిలిస్తే కూడా ఇంతే కాబట్టి నాకు పెద్దగా ఆశ్చర్యం అనిపించలేదు.

గిరాకీలు ఎక్కువగా అడిగేది బాబిన్ రంగుల గురించి. మూడు రంగులుంటే దాదాపు ఎప్పుడూ ఆడదే. నారింజను తెచ్చే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, ఆడదానికి అవి రెండు. ఒక్కో కణంలో ఒకటి మూతపడుతుంది, అందుకే ఒకచోట నలుపు, పక్కనే నారింజ. మగదానికి ఉన్నది ఒకటే ఎక్స్, కాబట్టి నారింజ మగపిల్లులు ఎక్కువ. ఆ జన్యువు ఏదో 2025లో అమెరికా, జపాన్ పరిశోధకులు వేర్వేరుగా వెతికి పట్టుకున్నారు. ఇదంతా చెబుతుంటే బ్లౌజు కొలతలు మర్చిపోతున్నానని ఒక అక్క నవ్వింది.

మే నెల సంగతి చెప్పాలి. నల్గొండ ఎండ 45 దాటే రోజుల్లో కరెంటు పోతే మనుషులం గోల చేస్తాం, పిల్లులు గోల చేయవు, చల్లటి చోటు వెతుక్కుంటాయి. ఇంట్లో ఎక్కడ ఎంత చల్లగా ఉందో బాబిన్‌ను వెతికితే తెలుస్తుంది. పొద్దున స్నానాల గది గడప, మధ్యాహ్నం బియ్యం డ్రమ్ము వెనక షాబాద్ బండ, సాయంత్రం గోలెం నీడ. వాటికి చెమట పట్టేది అరికాళ్లకే, ఒళ్లంతా నాక్కుని తడి చేసుకుని చల్లబడతాయి. కుక్క రొప్పితే మామూలే గానీ, ఎండకు పిల్లి నోరు తెరిచి రొప్పుతుంటే ప్రమాదం అని లెక్క, నీళ్లతో ఒళ్లు తడిపి వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకుపోవాలి. నీళ్ల దగ్గర మళ్లీ వాటి పంతం. ఫ్లోరైడ్ నీళ్లతో నడుములు వంగిపోయిన వాళ్లను చూస్తూ పెరిగిన జిల్లా మాది, తాగే నీళ్ల మీద మాకు పట్టింపు ఎక్కువ. వీటికీ మంచినీళ్లే గిన్నెలో పోస్తాం. తాగవు. తిండి గిన్నె పక్కన నీళ్లుంటే చాలా పిల్లులకు నచ్చదు, దూరంగా పెట్టాలి. దూరంగా పెట్టాను, అయినా సేటు కూలర్ ట్యాంకు మూత సందులోంచి నాలుక పెట్టి తాగుతాడు. చేసేదేం లేక కూలర్ ట్యాంకే రెండు రోజులకోసారి కడుగుతున్నాను.

ఆపరేషన్లు ఇద్దరికీ చేయించాం. ఆడపిల్లి రెండు నెలల చిల్లరలో ఈనుతుంది, పిల్లలు పాలు తాగుతుండగానే మళ్లీ కట్టగలదు, మా వీధి రోడ్డు మీద బండ్ల కింద పడే పిల్లపిల్లుల్ని చూశాక నాకు రెండో ఆలోచన రాలేదు. సేటుది వేరే కారణం. వయసుకు రాగానే గోడకు, తలుపుకు, ఒకనాడు లంగా బట్టల కట్టకు తోక నిటారుగా లేపి చిమ్మాడు. ఆ వాసన ఉతికితే పోయేది కాదు, కట్ట మొత్తం నా డబ్బులతో కొత్తది కొనిచ్చాను. ఆపరేషన్ తర్వాత ఆ అలవాటు పోయింది. పాపం తగుల్తదని అత్తమ్మ రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు ఆ బట్టల కట్ట గుర్తు చేస్తే మాట్లాడింది.

ఇంకొక్క మాట, ఇది నలుగురికి చెప్పండి. పిల్లికి ఒళ్లు వెచ్చగా ఉందని ఇంట్లో ఉన్న పారాసెటమాల్ ముక్క చేసి పెట్టకండి. దాని కాలేయం ఆ మందును మనలాగా విరిచేయలేదు, రక్తం ఆక్సిజన్ మోయలేకుండా పోతుంది, చిగుళ్లు గోధుమ రంగుకు తిరుగుతాయి, ప్రాణం పోతుంది. పిల్లి ఒళ్లు మామూలుగానే మనకంటే వెచ్చగా, 38 నుంచి 39 డిగ్రీల దాకా ఉంటుంది. కరిచినా, రక్తం వచ్చేట్టు గీరినా సబ్బుతో ధారగా నీళ్ల కింద పావుగంట కడిగి, దవాఖానకు పోయి రేబిస్ టీకా గురించి అడగండి, ఇంటి పిల్లే కదా అనుకోవద్దు. మావాళ్లకు ఏటా టీకా వేయిస్తాం, అయినా గిరాకీ పిల్లలకు ఇదే చెబుతాను, తోక పట్టి గుంజకముందే.

దసరా పని మొదలైంది. కుట్టించుకునేవాళ్లు ఆలస్యం చేయకుండా ఇవ్వండి. నల్ల వెల్వెట్ బ్లౌజులు మాత్రం గుడ్డ సంచిలో పెట్టి మూతి కట్టి ఇవ్వండి, నారింజ వెంట్రుక నలుపు మీద ఎట్లా కనపడుతుందో మీకు తెలుసు. ప్లాస్టిక్ కవర్ వద్దు. ఆ గలగల వింటే సేటు పక్క వీధిలో ఉన్నా వస్తాడు, కవర్లో తల పెడతాడు, తర్వాత పూర్తిగా లోపలికి పోయి కూర్చుంటాడు, మీ కొలతల బ్లౌజు కూడా దాంట్లోనే ఉంటుంది.